జీపు ఎక్కడ పడుకుంటుంది?

నేను పనిచేసేది అమ్మకం పన్ను కార్యాలయంలో. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ ప్రయాణంలో మూడు రోజులపాటు దారిలో ఎవరికీ చెప్పలేదు. పైగా అడిగినవాళ్లకల్లా టీచర్నని అబద్ధమాడాను.

గల్ఫ్‌లో యుద్ధం వస్తుందంటూ పేపర్లన్నీ హోరెత్తిపోయి, పెట్రోలు, డీజిలు ధరలు ఒక్కసారిగా ఎగబాకిన ఏడు అది. తెనాలిలో మా ఆయన స్కూటరుకి పాత దుప్పటి కప్పి వసారాలో నిలబెట్టేశారు. ఆదివారం మాత్రం దుప్పటి తీసి, తుడిచి, మళ్లీ కప్పేవారు. అలాంటి రోజుల్లో నేను ఊరు బయల్దేరతానంటే, "తిరగడానికి నీకు ఇంతకంటే మంచి కాలం దొరకలేదా?" అన్నారు. దొరకలేదు. సెలవులు మురిగిపోతున్నాయి. భద్రాచలం అవతల అడవిలో, ఇప్పలగుంపు అనే కోయగూడెంలో నా చిన్ననాటి స్నేహితురాలు సుగుణ బడిపంతులమ్మగా ఉంది. పదేళ్ల నుంచి రమ్మని ఉత్తరాలు రాస్తోంది. ఇంకో ఏడు ఆగితే ఉత్తరాలు రాయడం కూడా మానేసేలా ఉంది.

ఖమ్మం

ఆదివారం పొద్దున్నే రైలు దిగి స్టేషను బయట టీ తాగాను. ముప్పావలా ఇవ్వబోతే టీకొట్టు ఆయన రూపాయి అన్నాడు.

"నిన్నటిదాకా ముప్పావలానేనమ్మా. డీజిల్ పిరమైంది గదా," అన్నాడు.

"నీ పొయ్యిలో మండేది కట్టెలు కదయ్యా?" అన్నాను. నాకు లెక్క అడిగే అలవాటు ఎక్కువ, ఉద్యోగం అలాంటిది.

"కట్టెలు బండి మీద వస్తయి, పాలు లారీల వస్తయి, చక్కెర లారీల వస్తది. మీరొక్కరే నడిసొచ్చిండ్రు," అన్నాడు నవ్వుతూ.

పావలా చేతిలో పెట్టి బస్టాండుకి నడిచాను. అక్కడ అందరి నోటా ఇదే గొడవ. టికెట్టు ఎంత పెరిగింది, ఎవరు పెంచారు, ఎవరి జేబులోకి పోతోంది. మా ఊళ్లో అయితే ఇలాంటివి అరుగుల మీద కూర్చుని మాట్లాడతారు. ఇక్కడ బస్సు కోసం నిలబడి, మూటలు కాళ్ల మధ్య పెట్టుకుని మాట్లాడుతున్నారు.

కల్లూరు

కల్లూరులో మా మేనమామ కొడుకు సుబ్బారావు బావ ఉన్నాడు. వాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కుని ముప్పయ్యేళ్లు దాటింది. ఇంట్లో మా మాటా, ఇక్కడి మాటా కలిపి మాట్లాడతారు. నా ఉద్యోగం ఏమిటో తెలిసిన మనిషి ఈ ప్రయాణం మొత్తంలో సుగుణ కాక ఈయనొక్కడే. గడపలో అడుగు పెట్టగానే మొదలెట్టాడు.

"ఏంది మరదలా, మా ఇంటి మీద దాడికొచ్చావా? కాఫీ ఇవ్వాలంటే భయంగా ఉంది. దాని మీద కూడా పన్నేస్తావేమో."

"పంచదార తక్కువేసి ఇస్తే వదిలేస్తాలే," అన్నాను.

మధ్యాహ్నం గోంగూర మాంసంతో అన్నం పెట్టారు. మా ఇంట్లో కంటే కారం రెండింతలు, ప్రేమ కూడా అంతే. తిన్నాక బావ చేను చూపించడానికి తీసుకెళ్లాడు. వాగు ఒడ్డున ఆయిల్ ఇంజను మీద తాటాకు కప్పు. ఇంజను ఆగి ఉంది. నేను వస్తున్నానని ఆపావా అంటే, బావ చేనువైపు తిరిగాడు.

"నాలుగెకరాల మిరప వేశానే. ఈ ధరకి నాలుగెకరాలకీ నీళ్లు తోడలేను. ఈ పక్క రెండెకరాలకే తడి పెడుతున్నా," అని చెయ్యి చూపించాడు. ఇటుపక్క చేను ముదురాకుపచ్చగా ఉంది. అటుపక్క ఆకులు ముడుచుకున్నాయి. ఒకే రోజు నాటిన మొక్కలు.

మా ఆఫీసులో డీజిలు అంటే కాగితం మీద ఒక గడి. దానికి పక్కన ఇంకో గడి. ఎండిపోతున్న రెండెకరాలకి అందులో చోటు లేదు. ధర పెరగడంలో మా వాటా ఎంత, ఢిల్లీ వాటా ఎంత అని బావకి వివరంగా చెప్పబోయాను.

"నాకు చెప్తే ఏమొస్తది. రాసే చెయ్యి నీది. పైవాళ్లకి ఒక అర్జీ రాయరాదూ," అన్నాడు.

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఆ మాట మాత్రం వెంట వచ్చింది.

చండ్రుగొండ మీదుగా

మర్నాడు ఎర్రబస్సులో కొత్తగూడెం. నా పక్కన ఒక పెద్దమనిషి. ఆయనది తిరుమలాయపాలెం, కొత్తగూడెం గనుల్లో పనిచేసే అల్లుడి దగ్గరికి పోతున్నాడు. ఒళ్లో కోడిని పెట్టుకున్నాడు. దానికి టికెట్టు కొట్టాలని కండక్టరు, ఎందుకు కొట్టాలని ఈయన. ఆ తగువు కాస్తా డీజిలు మీదకి పోయింది.

"మా కాడ గుంజుకున్న పైసలతోని వీళ్లేం జేస్తుండ్రో ఎవరన్న అడిగిండ్రా?" అన్నాడు పెద్దమనిషి.

"ఈ రోడ్డెవరు ఏసిండ్రు మరి? నువ్వు ఏసినవా?" అని వెనక సీట్లోంచి ఒకావిడ. చేతిలో బైబిలు, నెత్తిన తెల్ల ముసుగు. "బడి, దవాఖానా ఉత్తగ నడుస్తయా?"

"రోడ్డట! నడుములు ఇరుగుతున్నయి, గిదొక రోడ్డు!"

బస్సంతా నవ్వింది. అదే నిమిషంలో ఒక గుంతలో పడి అందరం సీట్ల మీంచి లేచి కూర్చున్నాం, కోడి కూడా. ముసుగు ఆవిడకి లేచి చెయ్యి కలపాలనిపించింది. నేను ఇరవయ్యేళ్లుగా చెప్పాలనుకుంటున్న మాట ఆవిడ ఒక్క ముక్కలో చెప్పింది. కానీ నడుము నొప్పి పుట్టి, పెద్దమనిషి మాట కూడా నిజమేననిపించింది.

చండ్రుగొండ దాటాక చెట్లు దగ్గరపడ్డాయి. పెద్దమనిషి నావైపు తిరిగి, "మీరేం జేస్తరమ్మా?" అన్నాడు.

"టీచర్ని," అన్నాను.

"మంచి పని. ఎవని కొంప ముంచే పని గాదు," అని కోడిని సర్దుకున్నాడు. కొత్తగూడెం వచ్చేదాకా నేను కిటికీలోంచి తల తిప్పలేదు.

భద్రాచలం

సాయంత్రానికి గోదావరి వంతెన దాటి భద్రాచలం చేరాను. సత్రంలో పడుకుని, పొద్దున్నే దర్శనం చేసుకుని, గోదావరి చేపల పులుసుతో భోజనం చేసి, సుగుణ రాసినట్టు జీపుల స్టాండుకి వెళ్లాను. ఇప్పలగుంపుకి పోయే జీపు ఒక్కటే. మంగళవారం, శుక్రవారం మాత్రమే పోతుంది. దాన్ని నడిపే దానియేలుకి యాభై ఏళ్లుంటాయి. జీపు ఆయనదే. మనిషి మెత్తన, జీపు మాత్రం ముక్కుతూ మూలుగుతూ ఉంది.

"సుగుణ టీచరమ్మ దోస్తు మీరేనా? మీరు గూడ టీచరేనంట?" అన్నాడు. కొత్తగూడెం బస్సు నాకంటే ముందే కబురు మోసుకొచ్చిందేమోనని ఉలిక్కిపడ్డాను. చూస్తే, సత్రంలో నేను రాయించిన మాటే ఇక్కడిదాకా వచ్చింది. అవునన్నాను.

జీపులో పద్నాలుగు మంది ఎక్కారు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. నాకూ దానియేలుకీ మధ్య ఒక కోయ ఆవిడ. పేరు జోగమ్మ. నా వయసే ఉంటుంది కానీ మెడ ఎముకలు బయటికొచ్చి పెద్దదానిలా కనిపిస్తోంది. కొంగులో మడిచిన ఆసుపత్రి చీటీ. టీబీ. వారానికి రెండుసార్లు సర్కారు దవాఖానాలో సూది వేయించుకుని వస్తుంది. ఇంకా రెండు నెలల సూదులున్నాయట. మధ్యలో ఆగితే మళ్లీ మొదటికొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడట. ఆమె కబుర్లు చెప్పే మనిషి కాదు. ఇవన్నీ దానియేలు చెప్పాడు.

గుట్ట కింద

దుమ్ముగూడెం దాకా తారురోడ్డు. అక్కడి నుంచి అడవిలో మట్టి బాట, ఎనిమిది మైళ్లు. సగం దూరంలో ఒక గుట్ట. దాని కింద దానియేలు జీపు ఆపాడు. ఎవరూ ఏమీ అనకుండానే వెనకున్నవాళ్లంతా దిగిపోయారు. మూటలు, గంపలు జీపులోనే వదిలేసి, చంకన పిల్లలతో సహా గుట్ట ఎక్కడం మొదలెట్టారు.

"డీజిల్ పిరమైనంక గిట్లనే," అన్నాడు దానియేలు. "నిండ మనుషులతోని ఎక్కిస్తే బండి మస్తు తాగుతది. నేనేం అడగలే. వాళ్లే దిగుతుండ్రు. మీరు కూసోండి టీచరమ్మా."

కూర్చున్నాను. జోగమ్మ కూడా కూర్చుంది, చూపు మోకాళ్ల మీద పెట్టుకుని. పక్కనుంచి నడిచిపోతున్న ఆడవాళ్లలో ఒకామె ఏదో పలకరిస్తే తలెత్తకుండానే బదులు చెప్పింది. నాకు ఇబ్బందిగా ఉండి, "ఎండగా లేదులెండి, వాళ్లకి నడక కష్టం ఉండదు," అన్నాను.

"ముందుగాల ఈ గుట్ట మీదికి అందరికంటె నేనే ముందు ఎక్కేది," అంది జోగమ్మ. "ఇప్పుడు గంపల నడుమ గంప లెక్క కూసుంటున్న."

జీపు మొదటి గేరులో మూలుగుతూ ఎక్కింది. పైన అందరూ మళ్లీ ఎక్కేదాకా ఆమె దగ్గుని కొంగులో కుక్కుకుంటూనే ఉంది.

ఇప్పలగుంపు

సుగుణ నన్ను చూసి ఏడ్చింది, తర్వాత లావెక్కానని తిట్టింది. ఆ రెండూ పూర్తికాకముందే జీపు దగ్గర దానియేలు గొంతు వినిపించింది. అందరినీ ఆగమంటున్నాడు.

"శుక్రారం ఒక్కసారి వస్త. తర్వాత నాతోని గాదు," అన్నాడు జీపు ముందు నిలబడి. "ఒకసారి కిరాయి పెంచిన. ఇంకోపారి పెంచితె మీరు ఎక్కలేరు. పెంచకపోతె నేను నడపలేను. మిగిలిన దినాలు స్టాండుల ఈగలు తోలుకుంటున్న. కొత్తగూడెంల లారీ మీదికి రమ్మంటుండ్రు. జీపు అమ్మి పోత."

ఎవరూ అరవలేదు. మా ఊళ్లో అయితే ఈపాటికి నాలుగు కుర్చీలు విరిగేవి. వీళ్లు మూటలు కింద పెట్టి, అక్కడే నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. చాలామంది కళ్లు జోగమ్మ మీదున్నాయి. గట్టిగా ఉన్నవాళ్లు దుమ్ముగూడెం దాకా నడిచి బస్సెక్కుతారు. ఆమె నడవలేదు. ఆ సంగతి అందరికీ తెలుసు, అందరికంటే ఎక్కువ దానియేలుకి తెలుసు. అందుకే ఆయన ఆమెవైపు చూడటం లేదు.

గూడెం పెద్ద భీమయ్య. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, చెవులకి పోగులు. ఆయన నావైపు తిరిగాడు.

"టీచరమ్మా, సదువుకున్నదానివి. డీజిల్ ఎందుకు పిరమైంది? చెప్పు."

చెప్పాను. నూనె పరదేశం నుంచి వస్తుందని, అక్కడ యుద్ధం వచ్చేలా ఉందని, ఢిల్లీ వాళ్లు తీసుకునేది కొంత, రాష్ట్రం వాళ్లు తీసుకునేది కొంత అని. సుగుణ కోయలో చెబుతూ వచ్చింది.

"మేం డీజిల్ కొనంగద. మా కాడ ఎట్ల తీస్కుంటరు?"

"మీరిచ్చే కిరాయిలో ఉంటుంది. మీరు కొనే ఉప్పులో ఉంటుంది, లారీలో వస్తుంది కాబట్టి."

"రాష్ట్రం పైసలు ఎవరు తీస్కుంటరు? వాళ్లని నువ్వు సూసినవా?"

ఇక దాచలేకపోయాను. ఇంత సూటిగా అడిగిన మనిషికి అబద్ధం చెప్పి, తర్వాత వాళ్లింట్లో అన్నం తినలేను.

"నేను టీచర్ని కాను. ఆ పన్ను తీసుకునే ఆఫీసులోనే పనిచేస్తాను. మీరు తిడతారని చెప్పలేదు," అన్నాను.

సుగుణ ఆ మాట కోయలో చెప్పడానికి ఒక్క క్షణం తటపటాయించి, చెప్పింది. అంతా నన్నే చూశారు. జోగమ్మ మెల్లగా అంది.

"దవాఖానల సూది ఉత్తగనే ఏస్తరు. సూది కాడికి పోయే తొవ్వకి మాత్రం పన్ను కడుతున్ననన్నట్టు."

ఆమె గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ సూది కూడా ఆ పన్నుతోనే వస్తుందనీ, పన్ను లేకపోతే దవాఖానా ఉండదనీ చెప్పాను. బస్సులో ముసుగు ఆవిడ చెప్పినంత బాగా చెప్పలేకపోయాను. జోగమ్మ శ్రద్ధగా వింది.

"అట్లనా. అయితె తీసుకోండ్రి. సూది కాడికి పోనియ్యండ్రి, సాలు," అంది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గబగబా, "నేనొక అర్జీ రాస్తాను. అడవి ఊళ్ల జీపులకి డీజిలు మీద పన్ను తగ్గించమని పైకి రాస్తాను. మీరంతా వేలిముద్రలు వేయండి," అన్నాను.

"రాయి," అన్నాడు భీమయ్య మర్యాదగా. ఆ తర్వాత దానియేలువైపు తిరిగి, "నీ బండి యాడ పండుకుంటది?" అన్నాడు.

"ఏంది?"

"పని అయినంక బండి యాడ పండుకుంటది?"

"భద్రాచలంల. నా ఇంటి ముంగట."

భీమయ్య నాలుగు గులకరాళ్లు ఏరి వరసగా పెట్టాడు. "పొద్దుగాల మాకోసం భద్రాచలంకెల్లి వస్తవు. బండిల ఎవ్వరుండరు. మమ్ముల తీస్కపోతవు. మాపటికి తీస్కొస్తవు. మళ్ల పోతవు, బండిల ఎవ్వరుండరు." మొదటి రాయీ చివరి రాయీ తీసి అవతల పారేశాడు. "బండి ఈడ పండుకుంటె?"

దానియేలు నేల మీద మిగిలిన రెండు రాళ్లనూ చూస్తూ ఉండిపోయాడు. నేను ఇరవయ్యేళ్లుగా కూడికలూ తీసివేతలూ చేసి జీతం తీసుకుంటున్న మనిషిని. ఆ జీపు ఖాళీగా తిరుగుతోందన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదని భీమయ్యని తర్వాత అడిగితే, "డీజిల్ అగ్గువ ఉన్నప్పుడు అడిగే పనే లేకపాయె," అన్నాడు.

కానీ అంత తేలిగ్గా తేలలేదు. ఒక ముసలాయన లేచి కోయలో గట్టిగా మాట్లాడాడు. సుగుణ నా చెవిలో చెప్పింది. బయటివాళ్లని గుంపులో, అంటే గూడెంలో, ఇల్లు వేసుకోనివ్వడం వీళ్లలో లేదట. పక్క గూడెంలో ఎవరో వ్యాపారి గుడిసె వేసుకుంటానని వచ్చి, రెండేళ్లలో చుట్టూ ఉన్న చేలు తనవే అన్నాడట. ఎవరైనా ఉండాలంటే గుంపులో ఒక ఇంటివాళ్లు తమ మనిషని పూచీ పడాలి.

జోగమ్మ దగ్గి, గొంతు సవరించుకుంది. "నా ఇంటి పక్క జాగల ఏసుకోనియ్యండ్రి. నా తమ్ముడు అనుకోండ్రి. గిన్ని దినాలు నన్ను ముంగట కూసోబెట్టుకొని తీస్కపోయిండు. ఇల్లు గుంపుది. ఆయన పోతె గుంపుకే ఉంటది."

ముసలాయన కాసేపు గొణిగి కూర్చున్నాడు. అందరూ దానియేలువైపు చూశారు.

"రత్నమ్మను అడగాలె," అన్నాడు ఆయన.

మగవాళ్లంతా నవ్వారు. పెళ్లాం అంటే భయపడటంలో తెనాలికీ ఇప్పలగుంపుకీ తేడా లేదని తెలిసి నాకు ధైర్యం వచ్చింది. పొద్దు వాలుతుండగా దానియేలు ఖాళీ జీపు తోలుకుని వెళ్లిపోయాడు.

అర్జీ, గుడిసె

రత్నమ్మ ఏమంటుందో తెలియకుండానే బుధవారం పొద్దున్న గుంపంతా పని మొదలెట్టింది. ఇంటింటి నుంచీ ఒకరు బొంగులు తెచ్చారు, ఒకరు గడ్డి, ఒకరు కట్టు తాళ్లు. మా వైపు గోడ లేపాలంటే ముహూర్తం, మేస్త్రీ, సిమెంటు కోసం పడిగాపులు. ఇక్కడ ఇల్లు కావాలంటే ఇన్ని ఇళ్లు కదులుతాయి. జోగమ్మ గడపలో కూర్చుని నార పేని తాడు చేసింది. అలసట వస్తే గోడకి ఆనుకునేది, మళ్లీ పేనేది. జీపుకి కూడా ఒక పందిరి వేశారు, ఇంటికంటే వెడల్పుగా.

నేనూ ఊరికే కూర్చోలేదు. సుగుణతో కలిసి మట్టి తొక్కడానికి నీళ్లు మోశాను. ఒక చెప్పు ఆ మట్టిలో పోయింది. గోడలో ఎక్కడో ఉండి ఉంటుంది. మధ్యాహ్నం జొన్న అంబలి, ఎండుచేపల పులుసు. ఇప్పనూనెతో చేసిన వేపుడు రుచిగా ఉందని ఎక్కువ తిని, సాయంత్రం దాని ఫలితం అనుభవించాను. సుగుణ నవ్వుతూనే వాము నీళ్లు ఇచ్చింది.

మిగతా వేళల్లో అర్జీ రాశాను. ఇంత బాగా నేనెప్పుడూ రాయలేదు. ఏ సెక్షను కింద రాష్ట్రం మినహాయింపు ఇవ్వొచ్చో కూడా రాశాను. జోగమ్మ సంగతి, బావ మిరపచేను సంగతి రాశాను. అందరూ వేలిముద్రలు వేశారు. ముసలాయన కూడా వేసి, వేలికున్న సిరాని కొత్త గోడకి తుడిచేశాడు.

శుక్రవారం

జీపు ఏడింటికల్లా రావాలి. ఆరున్నరకే జోగమ్మ స్నానం చేసి, కొంగులో చీటీ ముడేసుకుని పందిరి కింద కూర్చుంది. ఏడు దాటింది. ఎనిమిదైంది. ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు. భీమయ్య పందిరి గుంజని ఊపి చూశాడు, గట్టిగా ఉందో లేదోనని. నేను అక్కడ కూర్చోలేక బడిదాకా నడిచి వెనక్కొచ్చాను.

ముందు వినిపించింది జోగమ్మకే. "వస్తుంది," అంది. కాసేపటికి మాకూ ఆ మూలుగు వినపడింది.

ముందు సీట్లో రత్నమ్మ ఉంది. దిట్టమైన మనిషి. దిగి, ఎవరినీ పలకరించకుండా గుడిసెలోకి పోయింది. దానియేలు జీపు దగ్గరే ఆగిపోయాడు. ఆమె లోపలంతా చూసి బయటికొచ్చింది.

"అలుకు సరిగ లేదు. నేను మళ్ల అలుక్కుంట," అంది. "ఆదివారం దుమ్ముగూడెం చర్చికి పోవాలె. పనుంటది, వర్షముంటది అని ఆపొద్దు."

"ఎవరాపుతరు?" అన్నాడు భీమయ్య.

"కిరసనాయిలు దొరుకుతదా?"

"దొరకదు. ఇప్పనూనెతోని దీపం పెట్టుకుంటం."

రత్నమ్మ పెదవి విరిచింది. అప్పుడు పందిరి కింద జోగమ్మని చూసింది. దగ్గరికెళ్లి నిలబడింది.

"సూదులు నీకేనా?"

"అవ్."

"ఇంకెన్ని?"

"పదహారు."

రత్నమ్మ మొగుడివైపు, కొత్త ఇంటివైపు, మళ్లీ జోగమ్మవైపు చూసింది. "పదహారు అయ్యేదాక ఉంట. తర్వాత సంగతి తర్వాత. జల్దీ ఎక్కు, దవాఖాన మూస్తరు," అంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఏమీ లేదు. అందరూ గంపలెత్తుకుని జీపెక్కారు. నాకు మాత్రం సుగుణ భుజం మీద తలపెట్టి కాసేపు ఏడవాలనిపించింది, ఏడ్చాను. సుగుణ చెప్పులు వేసుకుని నేనూ ఎక్కాను.

గుట్ట ఇటువైపు కూడా ఎక్కుడే. జీపు ఆగగానే ఈసారి నేను కూడా దిగాను. మధ్యదారిలో ఆయాసం వచ్చి రెండుసార్లు రాళ్ల మీద కూర్చుంటే, తలమీద గంప లేకుండా అలా కూర్చునేవాళ్లని చూడటం కొత్తేమో, ఆడవాళ్లు నవ్వుకున్నారు. జీపు నన్ను దాటిపోతున్నప్పుడు జోగమ్మ కనిపించింది, చూపు మోకాళ్ల మీదే ఉంది.

తెనాలి

అర్జీని భద్రాచలంలోనే పోస్టు చేశాను. నెలన్నరకి జవాబు వచ్చింది, విషయం పరిశీలనలో ఉన్నదని. ఆ వాక్యం నాకు బాగా తెలుసు. అలాంటివి ఎన్నో నా చేత్తో రాశాను. ఈసారి మాత్రం అవతలివైపు నుంచి చదివాను. అప్పటినుంచి నా బల్ల మీదకి వచ్చే అర్జీలకి ఆ వాక్యం రాసే ముందు ఒకసారి ఆగుతున్నాను. కల్లూరు బావ రెండెకరాల పంటే తీశాడు. మా ఆయన స్కూటరు ఇంకా దుప్పటి కిందే ఉంది.

మొన్న సుగుణ ఉత్తరం వచ్చింది. డీజిలు ధర తగ్గలేదు. రత్నమ్మ రెండో వారంలోనే కుట్టుమిషను తెచ్చుకుందట. పదహారు సూదులూ అయ్యాయి కానీ ఆమె వెళ్లలేదట. ఎవరివో జాకెట్లు సగంలో ఉన్నాయంటోందట. అవి అయ్యేసరికి ఇంకెవరో గుడ్డ తెస్తున్నారట.

ఆఖరి సూది మంగళవారం పడింది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు గుట్ట కింద జీపు ఆగింది, అందరూ దిగారు. జోగమ్మ కూడా దిగింది. "అక్కా, నువ్వు కూసో," అని దానియేలు అంటే వినలేదట. తన మూట సీటు మీద పెట్టి, తను నడిచింది. అందరికంటే ముందు కాదు. అందరికంటే వెనక, మూడు చోట్ల ఆగి ఆగి ఎక్కింది. ముందు ఎక్కినవాళ్లంతా పైన నిలబడి చూస్తూ ఉన్నారు. దానియేలు ఇంజను ఆపేసి కూర్చున్నాడు. ఆమె వచ్చి ఎక్కాకే స్టార్టు చేశాడట.